తెల్లవారుజాము చదువు

డిసెంబరు వచ్చిందంటే మా రాయవరంలో ఏ ఇంట్లో పదో తరగతి పిల్లలున్నారో కనుక్కోవడానికి ఎవర్నీ అడగనక్కర్లేదు. తెల్లవారుజామున నాలుగింటికి వీధిలోకొచ్చి ఏ కిటికీలో లైటు వెలుగుతోందో చూస్తే చాలు. పాలు పితికేవాళ్లు కూడా అప్పటికింకా లేవరు. ధనుర్మాసంలో గుడి మైకు మోగేదాకా ఊరు మంచులో ముసుగుతన్ని పడుకునే ఉంటుంది. మెలకువగా ఉండేది వీధికుక్కలూ, పదో తరగతి పిల్లలూ. ఇద్దరిలోనూ కుక్కలకే కాస్త హుషారు ఎక్కువ.

ఈ నాలుగింటి చదువు మీద మనవాళ్లకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. అది బ్రాహ్మీ ముహూర్తమట, బుర్ర ఖాళీగా ఉంటుందట, చదివింది చదివినట్టు దిగిపోతుందట. మా మేనకోడలు ఈ ఏడు పదో తరగతి. వాళ్లమ్మమ్మ, అంటే మా అమ్మ, అలారంతో పనిలేకుండా లేచి, దుప్పటి లాగి, "లేవ్వే తల్లీ, తెల్లారగట్ల చదివిందే బుర్రకెక్కేది" అని కూర్చోబెడుతుంది. ఆ పిల్ల సాంఘిక శాస్త్రం పుస్తకం తెరుస్తుంది గానీ కళ్లు తెరవదు. పెదాలు మాత్రం కదులుతుంటాయి. అమ్మ దాన్ని చదువంటుంది. నాకు కూర్చుని నిద్రపోవడంలా కనిపిస్తుంది.

ఒకరోజు అడిగాను. "అమ్మా, మీ చిన్నప్పుడు ఎన్నింటికి పడుకునేవారు?"

"ఎన్నింటికేంట్రా? దీపాలు పెట్టగానే అన్నాలు, అన్నాలు తినగానే పక్కలు. రాత్రంతా చదవడానికి కిరసనాయిలు ఎవడిస్తాడు? ఎనిమిదింటికల్లా ఊరంతా సద్దుమణిగిపోయేది."

"మరి నిన్న రాత్రి మనింట్లో టీవీ కట్టింది ఎన్నింటికి?"

"పదకొండవ్వలేదూ?" అంది. కాసేపాగి, "అయితే మాత్రం?" అంది.

ఆ 'అయితే మాత్రం' దగ్గరే ఉంది వ్యవహారమంతా. ఎనిమిదింటికి పడుకున్న పిల్లాడు నాలుగింటికి లేస్తే ఎనిమిది గంటల నిద్ర. అది ఘనకార్యం కాదు, నిద్ర సరిపోయి లేవడం. పదకొండున్నరకి పడుకున్న పిల్లని నాలుగింటికి లేపితే నాలుగున్నర గంటలు. పెద్దల అలవాటులో లేపడం ఒక్కటే మనకి మిగిలింది, పడుకోబెట్టడం పోయింది. సగం అలవాటుని పట్టుకుని మొత్తం ఫలితం రమ్మంటున్నాం.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసువాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్య నిపుణుల అకాడమీ 2016లో చెప్పింది. ఆ ఈడులో ఒంట్లోని గడియారం కాస్త వెనక్కి జరుగుతుందనీ, రాత్రి త్వరగా నిద్రపట్టకపోవడం, పొద్దున్న త్వరగా మెలకువ రాకపోవడం అందువల్లేననీ బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్స్‌కాడన్ దశాబ్దాలపాటు చేసిన పరిశోధనలు చూపించాయి. మనం బద్ధకం అని తిట్టేదాంట్లో సగం ఆ వయసుదే. ఈ సంగతి తెలిశాకే అక్కడి పిల్లల వైద్యుల అకాడమీ హైస్కూళ్లు ఎనిమిదిన్నరకి ముందు తెరవొద్దని 2014లో సిఫార్సు చేసింది. కాలిఫోర్నియా రాష్ట్రం ఏకంగా చట్టం చేసి 2022 జూలై నుంచి అమలు పెట్టింది. మన పిల్లలకి ఎనిమిదిన్నరయ్యేసరికి తెల్లవారుజాము చదువు అయిపోయి, కొందరికి ట్యూషనూ అయిపోయి, ఒక ఆవులింతల విడత కూడా పూర్తవుతుంది.

నిద్రంటే చదువుకి అడ్డం అనుకోవడం కూడా పొరపాటే. కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెన్‌కిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు 1924లో ఒక చిన్న ప్రయోగం చేశారు. ఇద్దరు విద్యార్థుల చేత అర్థం లేని అక్షరాల వరసలు బట్టీపట్టించి, ఒకసారి నిద్రపుచ్చి, ఒకసారి మేలుకోబెట్టి, అన్నేసి గంటల తర్వాత అడిగి చూశారు. నిద్రపోయి లేచినప్పుడే ఎక్కువ గుర్తున్నాయి. తర్వాత వందేళ్లలో ఈ దారిలో చాలా పరిశోధన జరిగింది. రాత్రి చదివింది బుర్రలో సర్దుకునేది నిద్రలోనే. ఆ సర్దుడు సగంలో ఉండగా మనం దుప్పటి లాగేస్తున్నాం.

తెల్లవారుజాము చదువు తప్పని నేననను. తొమ్మిదింటికి పడుకోగలిగే పిల్లకి తెల్లవారుజాము ఐదు దివ్యమైన వేళ. ఊళ్లో చప్పుడుండదు, ఎవరూ పని చెప్పరు. కానీ మా మేనకోడలు తొమ్మిదింటికి పడుకోవాలంటే ఆ రోజంతా మరోలా ఉండాలి. ఆ పిల్ల రోజు ఎలా ఉంటుందో చూడండి. పొద్దున్న బడి. డిసెంబరు నుంచి ప్రభుత్వం వంద రోజుల ప్రణాళిక పెడుతోంది కాబట్టి బడి వదిలే వేళకి అదనపు తరగతి, రోజూ ఒక స్లిప్ టెస్టు. అక్కణ్నుంచి ట్యూషను. ఇంటికొచ్చేసరికి చీకటి. స్నానం, అన్నం, మళ్లీ హోంవర్కు. ఇరవైనాలుగు గంటల్లో తన ఇష్టప్రకారం వాడుకోగలిగేవి ఒకటో అరో. అలాంటి పిల్లని కూర్చోబెట్టి 'సమయపాలన' గురించి ఉపన్యాసం ఇస్తుంటారు పెద్దలు. జేబులో రూపాయి లేనివాడికి పొదుపు గురించి చెప్పినట్టుంటుంది నాకు.

తల్లిదండ్రుల ఆత్రానికీ కారణం లేకపోలేదు. ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. 2008లో మొదలైన నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కుల మీదే వస్తుంది, ప్రభుత్వ బడి పిల్లలకి కాస్త కలిపి చూస్తారు కూడా. కౌలు రైతు కూతురికీ, రైసుమిల్లులో పనిచేసేవాళ్ల కొడుక్కీ ఆరేళ్ల చదువు ఒక్క పరీక్షతో తేలిపోతుందంటే ఏ ఇంట్లో లైటు నాలుగింటికి వెలగదు? 2025లో కాకినాడ అమ్మాయి ఒకరికి 600కి 600 వచ్చాయి. అప్పట్నుంచి మా వైపు 590 తెచ్చుకున్నవాళ్లని కూడా "ఆ పది ఎక్కడ పోయాయి?" అని అడుగుతున్నారు.

కానీ గంటలు పెంచితే మార్కులు పెరుగుతాయన్న లెక్క మా డెల్టా రైతు దగ్గర చెల్లదు. దాళ్వాలో గోదారి సన్నబడితే ధవళేశ్వరం కింద కాలువలకి నీళ్లు వంతుల ప్రకారం వదులుతారు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయినా, ఏటిలో నీరు తగ్గినప్పుడు పంచుకు తాగక తప్పదు. తన వంతు అర్ధరాత్రి వచ్చినా రైతు టార్చిలైటు పట్టుకుని చేలోకి వెళతాడు. వెళ్లి ముందు చేసే పని నీళ్లు పెట్టడం కాదు, గట్టు చుట్టూ తిరిగి ఎండ్రకాయ బొరియలున్నాయేమో చూడడం. బొరియ పూడ్చకుండా ఎన్ని వంతులు తీసుకున్నా తెల్లారేసరికి నీళ్లు పక్కవాడి చేలో ఉంటాయి. పిల్లలకి వంతు మీద వంతు ఇస్తున్నాం గానీ బొరియ మాట ఎవరూ ఎత్తడం లేదు.

ఆ బొరియ పేరు మరుపు. దాని లోతు మొదట కొలిచినవాడు హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్. ప్రయోగం తన మీదే చేసుకున్నాడు. అర్థంలేని అక్షరాల వరసలు బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత పోతోందో ఏళ్ల తరబడి రాసుకుని 1885లో పుస్తకం వేశాడు. ఒక్క రోజు గడిచేసరికి మూడింట రెండొంతులు జారిపోయింది. మన పాఠాలకి అర్థం ఉంటుంది కాబట్టి అంత ఘోరంగా పోవు. పోవడం మాత్రం అదే తీరు, మొదటి రోజు ఎక్కువ, తర్వాత నెమ్మది. ఆ పుస్తకంలోనే ఇంకో సంగతి ఉంది. ఒక వరసని ఒకే రోజు 68 సార్లు చదివితే ఎంత ఫలితం వచ్చిందో, మూడు రోజులకి పంచి 38 సార్లు చదివినా దాదాపు అంతే వచ్చింది. సగానికి దగ్గరగా కష్టం మిగిలింది. వంద రోజుల ప్రణాళిక వేసే అధికారి గోడ మీద రాసుకోదగ్గ లెక్క ఇది.

ఇది జర్మనీ నుంచి దిగుమతి కావలసిన సంగతి కాదు. మా కోనసీమ ఘనపాఠీలకి పెట్టింది పేరు. వాళ్లు వేదం నేర్చిన తీరు చూడండి. పదాలు విడివిడిగా ఒకసారి, రెండేసి కలుపుకుంటూ క్రమం, ముందుకీ వెనక్కీ తిప్పుతూ జట, మూడేసి పదాలతో ఘన: ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, మళ్లీ ఒకటి-రెండు-మూడు. చేతిలో పుస్తకం ఉండదు. నిన్నటి పాఠం అప్పజెప్పాకే ఇవాళ్టి పాఠం. అంతేకాదు, అనధ్యయనమని ఒక నియమం ఉంది. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్యల్లో కొత్త పాఠం చెప్పరు. సుందరకాండలో హనుమంతుడు చిక్కిపోయిన సీతని పాడ్యమినాడు కూడా చదివేవాడి విద్యతో పోల్చి చెబుతాడు. సెలవు లేని చదువు చిక్కిపోతుందని వాల్మీకి నాటికే తెలుసు. ఆదివారం, రెండో శనివారం కూడా బడి పెట్టే మనకే తెలియలేదు.

ఆ వేద పాఠశాలల్ని తలుచుకుని నేను మురిసిపోవడం లేదు. ఊళ్లో ఎక్కువమందికి వాటి గుమ్మం దాటే హక్కు లేదు, ఆడపిల్లలకి అసలే లేదు. ఆ బడి మళ్లీ రావాలని ఎవరూ కోరుకోనక్కర్లేదు. ఆ పద్ధతి మాత్రం అందరి సొత్తూ కావాలి. ఇన్నాళ్లూ కొందరి దగ్గరే ఉండిపోయింది కాబట్టి ఇంకా ఎక్కువగా కావాలి.

మనం ఏం చేశామంటే, అందులోంచి వల్లెవేత శబ్దాన్ని తెచ్చుకున్నాం, అప్పజెప్పడాన్ని వదిలేశాం. పుస్తకం ఎదురుగా పెట్టుకుని ఒకే జవాబుని పదిసార్లు గట్టిగా చదవడాన్ని మా ఊళ్లో 'చదూకోవడం' అంటారు. మా మేనకోడలు అలాగే గుండె పాఠం చదివింది. నాలుగు గదులు, కవాటాలు, ధమనులు, సిరలు, గడగడా. పుస్తకం నేను తీసుకుని, "ఊపిరితిత్తుల నుంచి వచ్చిన రక్తం ముందు ఏ గదిలోకి వెళుతుందే?" అన్నాను.

"కుడి... కాదు మావయ్యా, ఆగు. ఇందాక వచ్చిందే!"

ఇందాక రాలేదు. ఇందాక కనపడింది. కళ్లముందు ఉన్నదాన్ని వచ్చిందనుకోవడం పిల్లల తప్పు కాదు, మనసు ఆడే దొంగాట. 2006లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికి దాన్ని రుజువు చేసి చూపించారు. ఒక జట్టు ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదివింది. ఇంకో జట్టు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతలూ పుస్తకం మూసి గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తలకిందులైంది: రాసినవాళ్లకి 61 శాతం గుర్తుంది, చదివినవాళ్లకి 40 శాతం. పదో తరగతి పరీక్ష ఐదు నిమిషాల తర్వాత పెట్టరు కదా.

ఆ లెక్కన బళ్లో పెట్టే స్లిప్ టెస్టు మంచి ఆలోచనే. కాకపోతే దాన్ని మార్కుల కోసం వాడి, తక్కువ వచ్చినవాణ్ని నిలబెట్టి పాడుచేస్తున్నారు. స్లిప్ టెస్టుకి మార్కులెందుకు? గుర్తు తెచ్చుకోవడానికి మెదడు పడ్డ ఆ యాతనే దాని ఫలితం. తప్పు రాసినా ఫర్వాలేదు, వెంటనే పుస్తకం తెరిచి దిద్దుకుంటే సరి.

మా ప్రభుత్వ బళ్ల పిల్లల చేతిలో ఇంకో సదుపాయం ఉంది, ఎవరూ దాన్ని సదుపాయంగా చూడరు. పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. తెలుగు పేజీ చదివి, మూసేసి, ఇంగ్లీషులో తన సొంత మాటల్లో రాయమన్నాను మా పిల్లని. మొదట్లో ఏడుపుముఖం పెట్టింది. ఇంగ్లీషు తప్పులు బోలెడు. కానీ ఊపిరితిత్తుల నుంచి వచ్చిన రక్తం గుండె ఎడమ కర్ణికలోకి వెళుతుందన్న సంగతి ఆ తర్వాత ఎప్పుడూ మర్చిపోలేదు.

చదువుని విడతలుగా పంచుకోవడం అనే విద్య మనవాళ్లకి ఇంకో చోట కూడా బాగా తెలుసు. మాకు అట్టే దూరం లేని కడియంలో 1870లో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రితో జంటగా ఊరూరా అవధానాలు చేశారు. అవధానాన్ని చూసి జనం "ఎనిమిది పనులు ఒకేసారి చేస్తాడు" అని మెచ్చుకుంటారు. ఒకేసారి చెయ్యడు. సమస్య ఇచ్చిన పృచ్ఛకుడికి ఒక పాదం చెబుతాడు, దత్తపదికి ఒక పాదం, వర్ణనకి ఒక పాదం. రెండో ఆవృత్తంలో మళ్లీ మొదటివాడి దగ్గరికి వస్తాడు. నాలుగు ఆవృత్తాలయ్యేసరికి పద్యాలన్నీ పూర్తి. చివర ధారణ, అంటే అన్నిటినీ కాగితం లేకుండా మొదట్నుంచి అప్పజెప్పడం. ఒక్కొక్కదాని మీద కాసేపు పూర్తి దృష్టి, కొంత ఎడం, తిరిగి రావడం, ఆఖర్న చూడకుండా చెప్పడం. ఎబింగ్‌హౌస్ చెప్పిందీ, రోడిగర్ చూపించిందీ రెండూ ఉన్నాయి ఇందులో. సాయంత్రమంతా లెక్కలు, రేపంతా జీవశాస్త్రం అని విభజించుకునే పిల్లలు అవధాని దగ్గర నేర్చుకోవలసింది ఈ ఆవృత్తమే. లెక్కలు కాసేపు, జీవశాస్త్రం కాసేపు, రేపు మళ్లీ అవే లెక్కల దగ్గరికి.

అవధానంలో అప్రస్తుత ప్రసంగి ఉంటాడు. ఆయన పనే మధ్యలో దూరి ఏకాగ్రత చెడగొట్టడం. "అవధానిగారూ, మీ ఇంట్లో ఇవాళ ఏం కూర?" అంటాడు. అవధాని చమత్కారంగా ఒక మాట విసిరి తన పాదం దగ్గరికి తిరిగొస్తాడు. సభ చప్పట్లు కొడుతుంది. ఏళ్ల సాధన ఉన్నవాడు కాబట్టి తిరిగి రాగలిగాడు. పదిహేనేళ్ల పిల్ల పక్కన మనం పెట్టిన అప్రస్తుత ప్రసంగికి వాట్సాప్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ అని బోలెడు పేర్లు. పైగా 2020లో కరోనా నాటి ఆన్‌లైన్ పాఠాలకని ఆ ఫోను మనమే కొనిచ్చాం. ఇప్పుడు ట్యూషను నోట్సు వాట్సాప్‌లోనే వస్తోంది కాబట్టి లాక్కోలేం. ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి వెళితే మనసులో కొంత ముక్క పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో రాసింది. అవధాని కానివాళ్లందరి గతీ అదే. మా ఇంట్లో పిల్ల చదివేంతసేపూ ఫోను వంటింట్లో బియ్యం డబ్బా మీద ఉంటుంది. నోట్సు కావాలంటే లేచి వెళ్లి చూసి, రాసుకుని రావాలి. లేవడానికి బద్ధకం వేసి మా పిల్ల సగంసార్లు వెళ్లదు. బద్ధకం కూడా ఒక్కోసారి పనికొస్తుంది.

టైంటేబుల్ సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది ఎప్పుడూ త్వరగానే అయిపోతుంది. స్కెచ్ పెన్నులతో గళ్లు గీసి, ఐదు నుంచి ఐదున్నర గణితం, ఐదున్నర నుంచి ఆరు హిందీ అని గోడకి అంటిస్తారు. గీయడానికి పట్టినంతసేపు కూడా అది నిలవదు. మనిషి తన పనికి ఎంతసేపు పడుతుందో ఎప్పుడూ తక్కువే అనుకుంటాడని కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే చెప్పారు. 1994లో వచ్చిన ఒక కెనడా అధ్యయనంలో థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని అడిగితే సగటున 34 రోజుల్లో ముగిస్తామన్నారు, పట్టింది 55 రోజులు. వాళ్లు విశ్వవిద్యాలయం విద్యార్థులు. మన పిల్లలు గోడ మీది గళ్లు తప్పితే ఏడవడంలో అర్థం లేదు. గంటలు రాయకుండా పనులు రాయండి, రాసినదాంట్లో సగం కొట్టేయండి, ఒక సాయంత్రం ఖాళీగా వదలండి. కూర్చోబుద్ధి కానప్పుడు ఇటలీలో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే కుర్రాడు 1980ల చివర్లో చేసిన పని చేయొచ్చు: వంటింట్లో వాడే టమాటా ఆకారం గడియారంలో 25 నిమిషాలు పెట్టుకుని, అది మోగేదాకా లేవనని కూర్చున్నాడు. మోగాక లేచాడు. లేవడం కూడా నియమమే, అది మర్చిపోకూడదు.

ఇక వంద రోజుల్లో మా ఊరికొచ్చే అవాంతరాలు ఏ ప్రణాళికలోనూ ఉండవు. మధ్యలో సంక్రాంతి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లకుండా పిల్లలని ఆపినవాళ్లు నాకు తెలుసు. ఆ పూట ఆ పిల్లలు పుస్తకం ముందు కూర్చుని ఏం చదివారో కూడా తెలుసు. పంపించేయండి. ఒక్క పూట ప్రభలు చూసొచ్చిన పిల్ల మర్నాడు రెండు గంటలు నిజంగా చదువుతుంది. మాఘమాసం పెళ్లిళ్లకి మాత్రం పంపకండి, అక్కడ చదువుకంటే నిద్ర ఎక్కువ పాడవుతుంది. పరీక్షల మధ్యలోనే ఐపీఎల్ మొదలవుతుంది. 2025లో పరీక్షలు మార్చి 17న మొదలైతే, ఐపీఎల్ మార్చి 22న. ఈ తేదీలు నిర్ణయించినవాళ్ల ఇళ్లలో పదో తరగతి మగపిల్లలు లేరని నా అనుమానం.

వంద రోజుల్లో మొట్టమొదట ఎగిరిపోయేది ఆటల పిరియడు, తర్వాత లైబ్రరీ. మా మండలంలోనే ఉన్న పసలపూడిని రచయిత వంశీ తన కథలతో తెలుగువాళ్లందరికీ పరిచయం చేశాడు. ఆ కథల్లోని కాలువ గట్లు చూడాలని ఎక్కడెక్కడివాళ్లో వస్తుంటారు. పక్క ఊరి పదో తరగతి పిల్లకి ఆ కథల పుస్తకం తెరిచే తీరిక లేదు. తెలుగు పేపర్లో సొంతంగా రాయమన్న ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోతోందని మాస్టార్లు బాధపడుతుంటారు. కథ చదవని చెయ్యి సొంతంగా ఏం రాస్తుంది?

ఇంతసేపూ పిల్లలని కలిపి మాట్లాడాను గానీ, ఆడపిల్లకీ మగపిల్లాడికీ రోజు ఒకటి కాదు. మా అమ్మ చదివింది ఐదో తరగతి. వాళ్లన్నయ్యలు లాంతరు ముందు చదువుతుంటే చిమ్నీ తుడిచిపెట్టడం, వత్తి కత్తిరించడం ఆవిడ పని. ఇప్పుడు లాంతరు లేదు, చిమ్నీ లేదు, పని మాత్రం వేరే రూపంలో ఉంది. వాకిలి ఊడ్చి ముగ్గెయ్యడం, తమ్ముణ్ని బడికి తయారుచెయ్యడం, అమ్మ కూలికో డ్వాక్రా మీటింగుకో వెళితే అన్నం వార్చడం, రాత్రి గిన్నెలు. ఒకే బడిలో, ఒకే బెంచీలో కూర్చునే ఇద్దరిలో ఒకరికి రోజుకి గంటన్నర తక్కువ. ఏ టైంటేబుల్లోనూ ఆ గంటన్నరకి గడి ఉండదు. నాలుగింటికే లేపాలన్న నమ్మకం వెనక ఇది కూడా ఉంది: ఆరింటికి లేస్తే ఆ పిల్లకి చదువుకునే వేళ ఉండదు, పని వేళ మొదలైపోతుంది. కొన్ని ఇళ్లలో ఆడపిల్ల తెల్లవారుజామున చదువుతోందంటే, మిగతా వేళంతా ఇంట్లోవాళ్లు తీసేసుకున్నారని అర్థం. ఫలితాలు వచ్చిన ప్రతి ఏడూ బాలికలదే పైచేయి అని పేపర్లో వేస్తారు. గర్వపడాల్సిందే. ఆ పైచేయి గిన్నెలు తోమి వచ్చి రాసిన చెయ్యని కూడా వెయ్యాలి.

మా ఇంట్లో ఈ చర్చ తెగలేదు. అమ్మ తన నాలుగింటిని వదలనంది, నేను నా ఎనిమిది గంటల నిద్రని వదలనన్నాను. చివరికి మా మేనకోడలే తీర్పు చెప్పింది. "అమ్మమ్మా, నువ్వు ఎనిమిదిన్నరకి టీవీ కట్టేస్తే నాలుగున్నరకి నేనే లేస్తాను." అమ్మ చాలాసేపు ఆలోచించింది. ఎనిమిదిన్నర కుదరదంది, తొమ్మిదిన్నరకి ఒప్పుకుంది. దాంతో లేచే వేళ ఐదున్నర అయింది.

పదో తరగతి పిల్లలున్న ఇళ్లవాళ్లకి నేను చెప్పేది ఇదే. పిల్లకి టైంటేబుల్ రాసిచ్చే ముందు ఇంటికి ఒకటి రాయండి. రాత్రి తొమ్మిదిన్నరకి టీవీ కట్టేయండి. మీ ఫోను కూడా పక్కన పెట్టండి, పిల్లలు చూస్తుంటారు. గిన్నెలు మార్చి నెలాఖరు దాకా కొడుకు చేత తోమించండి. పడుకోబోయే ముందు పిల్ల చేతిలోంచి పుస్తకం తీసుకుని ఇవాళ చదివినదాంట్లోంచి రెండు ప్రశ్నలు అడగండి, మీకు జవాబు తెలియకపోయినా ఫర్వాలేదు, పుస్తకం మీ చేతిలోనే ఉంటుంది. సీరియల్ గురించి బెంగ పడకండి. ఈ మూడు నెలలు చూడకపోయినా ఏప్రిల్లో కథ అక్కడే ఉంటుంది.